మావయ్య నమ్మిన ఏడుపు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక టీవీలో ఒక సినిమా చూశాను. అది ముగిసి ఇంకా పేర్లు పడుతూండగానే తెర మీదికి రెండు బొటనవేళ్ళు వచ్చాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. నచ్చిందో లేదో చెప్పమని. నేను రిమోటు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అడిగేది ఎవరు, నాకు నచ్చితే వాళ్ళకేం ఒరుగుతుంది, పైవేలు నొక్కితే రేపట్నించి ఇంకా ఏమేం తెచ్చి నా నెత్తిన పోస్తారు అని అనుమానం. "ఏదో ఒకటి నొక్కమ్మా, నీ ఆస్తేం రాసిమ్మన్లేదు" అన్నాడు మా అబ్బాయి. నొక్కలేదు. టీవీ కట్టేసి లేచిపోయాను. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. బరంపురంలో మా మావయ్య ఇంట్లో మూడు పూటలా అన్నంతోపాటు వడ్డించింది.

మావయ్య అంటే మా అమ్మకి అన్నగారు. రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. మాది దిగపహండి, నాన్న అక్కడ బడిపంతులు. కాలేజీ చదువుకి నన్ను బరంపురం పంపించి మావయ్య ఇంట్లో పెట్టారు. మనిషి పెట్టెలోకి ఎక్కి సీటు వెతుక్కునే తీరు చూసి టికెట్టు ఉందో లేదో చెప్పెయ్యగలనని మావయ్య గొప్ప. ఆ చూపు డ్యూటీతోపాటు దిగిపోయేది కాదు, ఇంటికి కూడా వచ్చేది. పాలవాడు నవ్వితే పాలలో నీళ్ళున్నట్టు, నేను తొందరగా పుస్తకం మూస్తే లోపల వారపత్రిక ఉన్నట్టు లెక్క. రెండోది చాలాసార్లు నిజమే అనుకోండి.

ఆ చూపు పూర్తిగా విప్పుకునేది టీవీ ముందు. మావయ్య టీవీ చూస్తున్నట్టు ఉండేది కాదు, దాన్ని ప్లాట్‌ఫారం చివర ఆపి నిలదీస్తున్నట్టుండేది. చేతులు కట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించి కూర్చునేవాడు. ప్రశ్నల పోటీలో ఎవడైనా ఠక్కున జవాబు చెప్తే, "ఈడికి ముందే సెప్పీసేరు, ఆ సెమట ఏటో సూడు" అనేవాడు. వంటల కార్యక్రమంలో ఆవిడ కూర రుచి చూసి ఆహా అంటే, "ఉప్పెయ్యడం మర్సిపోయింది, నాను సూస్తూనే ఉన్నాను" అనేవాడు. మోకాళ్ళ నొప్పుల నూనె రాసుకుని మెట్లెక్కిన ముసలాయన మొన్న ఇంకో ప్రకటనలో పళ్ళ పొడి అమ్మేడని పట్టుకున్నది కూడా మావయ్యే. ఇక వార్తలు చదివే అమ్మాయి పాపం, ఆయన దృష్టిలో ఒక్కనాడూ నిజం చెప్పలేదు. వరదల వార్త చదువుతూ ఆ చెవులకి అంతంత జుంకాలేటని ఆయన బాధ.

సినిమాల సంగతి వేరు. అక్కడ మావయ్య న్యాయాధిపతి. రైల్వే క్వార్టర్ల వెనక మా వీధిలో, సగం తెలుగువాళ్ళం సగం ఒరియావాళ్ళం, కొత్త సినిమా వస్తే ఆయన చూసొచ్చేదాకా ఎవరూ టికెట్టు కొనేవారు కాదు. మ్యాట్నీ నుంచి రిక్షా దిగేసరికి అరుగు మీద నలుగురైదుగురు సిద్ధంగా ఉండేవారు. తెలుగు, ఒరియా, హిందీ, ఏ భాష సినిమా అయినా ఆయన పరీక్ష ఒక్కటే, ఏడుపు. నవ్వు ఎవడైనా నవ్వుతాడు, ఏడుపు దగ్గర దొరికిపోతాడు అనేవాడు. హాల్లో అందరూ కొంగులూ రుమాళ్ళూ తీస్తూంటే మా వరసలోంచి మాత్రం "గ్లిజరిను" అని ఒక్క మాట గట్టిగా వినిపించేది. ముందు వరసవాళ్ళు తిరిగి చూసేవారు. నేను సిగ్గుతో సీట్లోకి కుంగిపోయేదాన్ని. అత్త మాత్రం తెర మీంచి చూపు తిప్పకుండా, వేరుశెనక్కాయల పొట్లం ఆయన చేతికి అందించేది. ఇన్నేళ్ళలో ఏ సినిమా అత్తకి నచ్చిందో, ఏది నచ్చలేదో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. ఇద్దరికీ కలిపి మావయ్యే చెప్పేవాడు.

నా రెండో ఏడాది చదువులో, కార్తీకమాసంలో, వీధిలో ఆడవాళ్ళమంతా సముద్రస్నానానికి గోపాలపూర్ వెళ్ళాం. మావయ్య డ్యూటీలో ఉన్నాడు. స్నానాలయి, బట్టలు మార్చుకుని, పులిహోర తిని కూర్చున్నాం. అవతల ఒరియా సినిమా షూటింగు జరుగుతోంది. వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదని ఒడ్డున ఆడవాళ్ళు ఏడవాలిట. అక్కడి జాలర్ల ఆడవాళ్ళని అడిగితే వాళ్ళు ససేమిరా అన్నారు. మగవాళ్ళు నీళ్ళ మీద ఉండగా ఉత్తుత్తికే అయినా అలాంటి ఏడుపు ఏడవం, మీ డబ్బూ వద్దు మీ సినిమా వద్దు అని తట్టలెత్తుకుని వెళ్ళిపోయారు. దాంతో టోపీ పెట్టుకున్న కుర్రవాడొకడు మా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, కాసేపు నిలబడమని బతిమాలాడు. మా వాళ్ళకి సరదా పుట్టింది. గళ్ళ చీరలిచ్చారు, కట్టుకున్నాం. నాకు నవ్వాగక నన్ను పక్కకి తోసేశారు. మిగతావాళ్ళు మొహాలు చేతుల్లో దాచుకుని కిసుక్కుమంటున్నారు. ఆ కుర్రవాడు చివరికి అత్త ముందుకొచ్చి రెండు చేతులూ జోడించి, "జోర్‌రె కాందొంతు, మా" అన్నాడు. గట్టిగా ఏడవండమ్మా అని. ఎంత గట్టిగా ఏడిస్తే అంత మంచిదని కూడా అన్నాడు.

అత్త ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసింది. తరవాత సముద్రం వైపు తిరిగి ఏడ్చింది. నవ్వుతున్న మేమంతా ఆగిపోయాం. షూటింగువాళ్ళు ఆపమని అరిచాక కూడా అత్త ఆపలేదు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి తాగించారు. మొహం కడుక్కుని, చీర మార్చుకుని, బస్సెక్కాక నాతో ఒక్కటే అంది: "మీ మావయ్యకి సెప్పకే. గ్లిజరిను అంటారు."

ఆ సినిమా వేసవిలో బరంపురం వచ్చింది. మావయ్య మా ఇద్దర్నీ తీసుకెళ్ళాడు. అత్త వద్దందిగాని, ఎందుకు వద్దో చెప్పలేక వచ్చింది. సినిమా అంతా గ్లిజరిను లెక్కనే నడుస్తోంది. హీరో తల్లి గ్లిజరిను, హీరోయిను గ్లిజరిను. ఒడ్డున ఆడవాళ్ళు కనిపించారు. మావయ్య నోరు తెరిచాడు. అప్పుడు తెర నిండా అత్త మొహం వచ్చింది. నిజానికి అది రెప్పపాటు పని, వెంటనే హీరో వచ్చేశాడు. మావయ్య మాత్రం తెరిచిన నోరు మూయలేదు. ముందుకి వంగి, తరవాత చీకట్లో మెల్లిగా అత్త వైపు తిరిగాడు. అత్త తెరనే చూస్తోంది. ఆ తరవాత మా వరసలోంచి ఒక్క మాట వినిపించలేదు. ఇంటి దగ్గర అరుగు మీదివాళ్ళు ఎలా ఉందని అడిగితే, మావయ్య చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళకది అర్థంకాక, సినిమా అంత చెత్తగా ఉందేమో అనుకుని ఎవరూ వెళ్ళలేదు.

మర్నాటినుంచి ఇంట్లో తనిఖీ మొదలైంది. నన్ను పెరట్లోకి పిలిచి, ఆ రోజు గోపాలపూర్‌లో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాడు. లేదన్నాను. "మీయమ్మ ఏటైనా అందేటి మీ అత్తని?" అమ్మ అసలు రాలేదన్నాను. అత్త మందుల డబ్బా తీసి ఒక్కొక్క బిళ్ళా అటూ ఇటూ తిప్పి చూశాడు, రోగమేదైనా దాస్తోందేమోనని. అత్త వంట చేస్తూంటే గుమ్మంలో నిలబడి చూసేవాడు, ఎక్కీ ఎక్కగానే బాత్‌రూములో దూరే ప్రయాణికుణ్ణి చూసినట్టు. అత్త పుట్టింటినుంచి ఫోనొస్తే వచ్చి పక్కన కూర్చునేవాడు. ఒకరోజు డ్యూటీనుంచి ఆలస్యంగా వస్తే జేబులో సినిమా టికెట్టు ముక్క దొరికింది. ఒక్కడే వెళ్ళి మళ్ళీ చూసొచ్చాడు. మావయ్య ఒక సినిమా రెండోసారి చూడడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త వంటింట్లో కింద కూర్చుని తోటకూర ఒలుస్తోంది. నేను పక్కగదిలో చదువుతున్నట్టు నటిస్తున్నాను. మావయ్య వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"అదేటి ఏడుపు?"

"ఏడవమన్నారు, ఏడ్చీసేను."

"ఏడవమంటే వొచ్చే ఏడుపు కాదది. నాకు తెల్దేటి?"

"మీకేటి తెలుసు?" అంది అత్త. గొంతు పెంచలేదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. తరవాత అత్తే చెప్పింది. అప్పటిదాకా నాకు తెలియని సంగతి అది. మావయ్య కొడుకులు, మా బావలిద్దరికంటే ముందు వాళ్ళకో ఆడపిల్ల పుట్టిందిట. పురిటిస్నానం కాకుండానే పోయిందిట. అప్పుడే ఇంట్లో మావయ్య తమ్ముడి పెళ్ళి. పందిరి వేసేశారు, శ్రీకాకుళం నుంచి చుట్టాలు దిగిపోయారు. పెళ్ళింట్లో కన్నీళ్ళు పెట్టకు అందిట అమ్మమ్మ. అత్త మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చింది.

"పెళ్ళయిపోయాక ఏడవొచ్చు కదే" అన్నాడు మావయ్య, చాలా చిన్న గొంతుతో.

"అప్పుడు మీరంతా మర్సిపోయేరు. మళ్ళీ గుర్తు సెయ్యడం ఎందుకులే అనుకున్నాను. తరవాత పెద్దోడు కడుపులో పడ్డాడు, ఏడవకూడదన్నారు. ఇంక ఏడవడానికి ఏళెక్కడ దొరికింది?" తోటకూర ఒలవడం ఆపలేదు. "ఆ టోపీ గుంటడు దణ్ణంపెట్టి, గట్టిగా ఏడవండమ్మా అన్నాడు. నన్ను అలాగ ఎవరూ అడగలేదు."

నేను పుస్తకంలోకి చూస్తున్నాను, అక్షరం కనిపించడం లేదు. మావయ్య కళ్ళజోడు తీసి మడిచిన చప్పుడైంది. "నాను మర్సిపోలేదే" అన్నాడు. "నువ్వు మర్సిపోయేవనుకున్నాను. కాఫీలు ఇస్తంటే సూసి, ఇది రాయి అనుకున్నాను." మళ్ళీ తనే, "మనం దానికి పేరు కూడా ఎట్టలేదు" అన్నాడు.

"నానెట్టుకున్నాను" అంది అత్త.

ఏటని అడిగాడు. చెప్పింది. ఆ పేరు నేను విన్నాను. అది వాళ్ళిద్దరిదీ, అందుకని ఇక్కడ రాయను.

తరవాతి వారం అత్తని తీసుకుని ఆ సినిమాకి మళ్ళీ వెళ్దామని మావయ్య బయల్దేరాడు. హాలు దగ్గర అప్పటికే వేరే పోస్టరు అతికించేశారు. అక్కణ్ణించే బస్సెక్కి ఇద్దరూ గోపాలపూర్ వెళ్ళి చీకటిపడ్డాక వచ్చారు. అక్కడేం చేశారని నేను అడగలేదు. అరుగు మీది తీర్పులు మాత్రం ఆ నెలనించి మారిపోయాయి. ఎలా ఉందని ఎవరైనా అడిగితే, "దాన్నడగండి" అనేవాడు మావయ్య. అత్త మొదట సిగ్గుపడింది. తరవాత అలవాటైపోయి, మావయ్యని మించిపోయింది. "పొద్దున్నించి పొయ్యి దగ్గరుందట ఆ పిల్ల, సీర ఇస్త్రీ నలగలేదు, సూసేరా? అది వంట సేసినట్టా?" అనేది. మా వీధికి అంతకంటే కఠినమైన ప్రేక్షకురాలు మళ్ళీ రాలేదు. మావయ్య మిగతావన్నీ ఎప్పట్లాగే అనుమానించాడు, పాలవాణ్ణి, వార్తల పిల్లని, నన్ను. కాని తెర మీద ఎవరైనా ఏడుస్తూంటే మాత్రం ఊరుకునేవాడు. "ఏమో, ఎవరికి ఏటుందో" అనేవాడు.

మావయ్య పోయి కొన్నేళ్ళయింది. ఆ రోజు నేను వెళ్ళేసరికి ఇల్లు నిండా జనం. అత్త గొంతు వీధి మలుపుకే వినిపించింది. పెద్దావిడెవరో భుజం పట్టుకుని, ఊరుకోమ్మా, పిల్లలు బెంగెట్టుకుంటారు అంటోంది. "నానూరుకోను" అంది అత్త, ఆవిడ చెయ్యి తీసేసి. ఇంక ఎవరూ ఊరుకోమనలేదు. ఏళ్ళు గడిచిపోయాయని మనం అంటాంగాని, కొన్ని గడవవు. మనిషి లోపల ఓ మూల చాప పరుచుకుని కూర్చుంటాయి, ఎవరో ఒకరు వచ్చి పలకరించేదాకా.