రేవులో ఆగిపోయిన సన్నాయి

ఈ ఉదయం రోట్లో చింతకాయలు దంచుతుంటే పులుపు చిమ్మి కంట్లో పడింది. రెండు కిలోల కాయలకు నాలుగు వందల గ్రాముల ఉప్పు, రెండు చెంచాల పసుపు వేస్తాను, మిక్సీ ముట్టుకోను. రోకలి పోటుకు కాయలు చిట్లి, ఆ పచ్చి వాసన రాజమండ్రిలోని ఈ మూడో అంతస్తు వంటింట్లో గోడలకు కొట్టుకుంది. ఏటా తొక్కు పడతాను గాని, ఆ కాయ నోట్లో పెట్టుకుని అరవై రెండేళ్ళయింది. నాకిప్పుడు డెబ్బై మూడు.

పదకొండో ఏట, కార్తీకమాసం మూడో ఆదివారం. నరసాపురానికి ఎగువన ఏడు మైళ్ళ దూరంలో ఉండేది మా ఊరు. ఆ ఆదివారం గోదావరి రెండు గట్ల జనమూ మా రేవు పక్క తోటలో వనభోజనాలకు చేరేవారు. ఆకుల్లో కంద బచ్చలి కూర, గుమ్మడికాయ పులుసు, వేలు పెడితే నెయ్యి కారే పూర్ణం బూరెలు వడ్డించేవారు. మగవాళ్ళు పేకాటలో అరుచుకునేవారు, ముసలమ్మలు చాపల మీద కునికేవారు, మేము ఎండ నడినెత్తి నుంచి దిగేదాకా తొక్కుడుబిళ్ళ ఆడి ఒకరి జుట్టు ఒకరం పీక్కునేవాళ్ళం. ఆ ఏడు వరద ఆలస్యంగా తీయడంతో నీళ్ళింకా ఎర్రగా, గట్టును కోస్తూ పోతున్నాయి. "ఆదివారం ఉసిరికాయ ముట్టుకోకండర్రా, పాపం" అని మా బామ్మ కేకేసింది. అందుకని ఉప్పూ కారం పొట్లం కట్టుకుని, పరికిణీ ఒడిలో చింతకాయలు నింపుకున్నాం. నా ఒడిలో పద్నాలుగు.

భోజనాలయ్యాక సన్నాయి పోటీ. రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిచిన పంటును రేవులో కట్టేసి, దాని మీద రెండు మేళాలను ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. ముందు ఎవరి స్వరం చెదిరితే వాళ్ళు దిగిపోవాలి. నిలిచినవాళ్ళకు రెండు గట్ల గుళ్ళలోనూ, పెళ్ళిళ్ళలోనూ ఏడాది మేళం. మా ఊరి తరఫున ఊదేది వీర్రాజు, నా పక్కన కూర్చుని చదువుకునే వరహాలు తండ్రి. నెగ్గకపోతే తనను బడి మానిపిస్తారని వరహాలు పొద్దుటినుంచీ ఆరుసార్లు చెప్పింది.

పులుపు తినేవాళ్ళను చూస్తే ఊదేవాడి నోట్లో నీళ్ళూరతాయని, సన్నాయి మొనన ఉండే రెల్లు పీక తడిసి స్వరం జారుతుందని మా పిల్లలందరికీ తెలుసు.

"మీ నాన్న నెగ్గాలా వద్దా?" అన్నాను.

"నెగ్గాలే. తెలిస్తే చంపేత్తాడే బాబూ."

"మనమేం చేత్తన్నాం? తింటన్నాం, అంతే" అంది మా మూడో నేస్తం మంగతాయారు. "నాకో రెండు ఎక్కువియ్యి."

ముగ్గురం వెళ్ళి పంటు అంచున, అవతలి గట్టు సన్నాయి ఆయనకు ఎదురుగా కూర్చుని, కాయ కొరికి, కళ్ళు మూసి, చప్పరించాం. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. చూపు తిప్పుకున్నాడు, మళ్ళీ ఇటే చూశాడు. నా నాలుగో కాయకు ఆ సన్నాయి కీచుమని పగిలిపోయింది.

మా ఊరివాళ్ళు ఈల వేశారు. ఆ ఈలే నిప్పయింది. అవతలివాళ్ళు నడుములోతు నీళ్ళలోంచి పంటు మీదికి ఎగబాకారు. ఒకడు డోలును కాలితో తన్నితే తోలు చిరిగి, కాలు పిక్కదాకా దిగబడింది. తాళాల అంచుతో ఒకడి కనుబొమ చీలింది. ఒకణ్ణి జుట్టు పట్టి బల్లకేసి కొడుతుంటే, ఇంతకు ముందు డోలు మోగినచోట తలకాయ మోగింది. ఎవరో వరహాలు జడ పట్టి లేపారు. దాని ఒడిలోని తొక్కలు బల్ల మీద రాలాయి.

"ఎవడు పంపాడే మిమ్మల్ని?"

మా తాతగారి పేరు చెబితే ఆ రేవులో నా మీద చెయ్యెత్తే మనిషి లేడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. "నేనే" అంటే చాలు. నా నోటినిండా చింతకాయ ఉంది. ఉమ్మలేదు, మింగలేదు.

వీర్రాజు సన్నాయి కింద పెట్టి మధ్యలోకి వచ్చాడు. తొక్కల వైపు చూశాడు, కూతుర్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నేనే పంపానండి. పిల్లల్నొదిలెయ్యండి" అన్నాడు.

పడవ తెడ్డు అడ్డంగా వచ్చి మూతి మీద పడింది. పంటు మీంచి ఒడ్డు ఇసుకలో పడ్డాక మరో రెండు దెబ్బలు. మా నాన్నగారూ వాళ్ళూ వచ్చి విడదీసేసరికి ఇసుక మీద నెత్తురు చారలు నీటిదాకా పోయాయి. వరహాలు తల్లి మోకాళ్ళ మీద పాకుతూ ఇసుక గాలించి, పళ్ళు ఏరి కొంగున వేసుకుంది. ఊడినవి నాలుగు. దొరికినవి మూడు.

పెదవికి తొమ్మిది కుట్లు పడ్డాయి. సన్నాయి పీక మళ్ళీ ఆ నోట నిలవలేదు. మేళం అవతలి గట్టుకు పోయింది. నెల తిరక్కుండా వరహాలు బడి మాని, నరసాపురంలో మేనత్త ఇంటికి లేసు అల్లడానికి వెళ్ళింది.

నాకు ముప్పై నాలుగేళ్ళప్పుడు నరసాపురంలో లేసు బల్లగుడ్డ కొనబోతే ఒక ఇంటి అరుగు మీద వరహాలు కనిపించింది. సూది ఆపలేదు.

"ఆ చింతకాయల పని నాది, వరహాలూ" అన్నాను, ఇరవై మూడేళ్ళు ఆలస్యంగా.

"నాన్నకి తెలుసండి. కూర్చోండి" అంది. ఒకప్పుడు నా జడ పట్టుకు లాగిన మనిషి, నన్ను అండి అంది.

పోయిన కార్తీకంలో ఆ రేవుకు వెళ్ళాను. తోట లేదు, చేపల చెరువులయ్యాయి. పంటు లేదు, పైన వంతెన ఉంది. వనభోజనాలకు వచ్చినవాళ్ళు మనిషెత్తు సౌండ్ బాక్సులు పెట్టుకున్నారు. ఇసుక ఉన్నచోట సిమెంటు మెట్లు, లెక్కపెట్టాను, పద్దెనిమిది. వాటి కింద ఎక్కడో వీర్రాజు నాలుగో పన్ను ఉంది.