హెక్టరీనా కాలవలో పడ్డ ఆదివారం

మా ఊళ్ళో గాలి ఎక్కువ, వాన ఎక్కువ, కీర్తనలు ఎక్కువ. నవ్వుకోవడానికి కథలు మాత్రం తక్కువ. అందుకే దొరికిన ఒక్క నవ్వునీ ఉప్పు చేపలా పీపాలో దాచుకుని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తింటాం. హెక్టరీనా కాలవలో పడ్డ కథ మాకు అలా దొరికిందే.

ముందు ఆ పేరు సంగతి. వాళ్ళ నాన్న హెక్టర్. కొడుకు పుడితే తన పేరే పెట్టాలనుకున్నాడు. కూతురు పుట్టింది. మనిషి నిర్ణయం మార్చుకునే రకం కాదు. పేరుకి ఓ తోక తగిలించి హెక్టరీనా అని బాప్తిస్మం ఇప్పించాడు. మా లూయిస్ దీవిలో ఇలాంటి తోకల ఆడవాళ్ళు ఇంటికొకరుంటారు. ఆవిడ పక్కింట్లో ఉంటూ ఆవిణ్ణి వదినా అని పిలిచే డొలీనా కూడా డోనల్డ్‌కి తోకే.

మా ఊరి నుంచి చర్చికి దారి సముద్రపు గట్టు మీదుగా పోతుంది. ఆదివారం ఊరంతా నల్లబట్టలు కట్టుకుని, వేదగ్రంథాలు చంకన పెట్టుకుని, ఆ దారిన వరసగా నడుస్తాం. గొంతు పెంచం. ఈల సంగతి సరే సరి, గట్టిగా తుమ్మాలన్నా కొంచెం ఆలోచిస్తాం. నీళ్ళు శనివారమే తోడి పెట్టుకుంటాం, బంగాళాదుంపలు శనివారమే చెక్కు తీసుకుంటాం. విశ్రాంతి దినం అంటే అంత.

అలాంటి రోజున, గాలి తగ్గి సముద్రం పళ్ళెంలా ఉన్న పొద్దున, వరసలో ముందు నడుస్తున్న హెక్టరీనా ఉన్నట్టుండి కెవ్వుమని కేకవేసి, కొండ వైపున్న కాలవలో వెల్లకిలా పడింది. కాళ్ళు పైకి లేచాయి. నల్లటి గౌను కింద ఆవిడ తొడుక్కున్న ఎర్ర ఉన్ని పావడా సంఘమంతటికీ దర్శనమిచ్చింది. టోపీ నీళ్ళలో బాతులా తేలుతూ పోయింది. పెద్దలు పెదవులు కొరుక్కున్నారు. మా నాన్న సంఘంలో పరిచారకుడు, నవ్వకూడదు కాబట్టి దగ్గాడు, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా దగ్గాడు. నేను జడలేసుకునే వయసు పిల్లని. మా అమ్మ నా నోరు తన చేత్తో మూసి, తను మాత్రం హాయిగా నవ్వింది.

డొలీనా ఒక చేత్తో చంటిబిడ్డని పట్టుకుని, రెండో చేత్తో ఆవిడని పైకి లాగింది.

“ఏం వదినా, పడటానికి నీకు సోమవారం దొరకలేదా? ఇంత పాపం మా అందరి నెత్తిన పెడతావా!”

“కాలు మడతపడిందే,” అంది హెక్టరీనా. “లాగు, లాగు. ఇంకా లాగు. అబ్బా, నడుం. అందరూ కాస్త ఆగండి, నేను సర్దుకోవాలి.”

ఆవిడ సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. ఊరంతా కొండ వైపు తిరిగి ఆవిణ్ణే చూస్తూ నిలబడింది.

డొలీనా మొగుడు టొర్కిల్ ఆ వరసలో లేడు. అతనూ తమ్ముడు ఫిన్లే శుక్రవారం పడవేసుకుని, ఊరికెదురుగా సముద్రంలో ఉన్న గొర్రెల దీవికి ఉన్ని కత్తిరించడానికి వెళ్ళారు. శనివారం వచ్చెయ్యాలి. కానీ శనివారం గాలి లేచింది. అక్కడున్న రాతి గుడిసెలో విశ్రాంతి దినం గడిపి సోమవారం వస్తారులే అనుకున్నాం.

సోమవారం ఎంతకీ రాకపోయేసరికి మావాళ్ళే పడవలో వెళ్ళారు. శనివారం అలలకి వాళ్ళ పడవ రాళ్ళకి కొట్టుకుని చీలిపోయి ఉంది. ఫిన్లే దుప్పటి కప్పిన అన్న పక్కన కూర్చుని ఉన్నాడు. శనివారం సాయంత్రం గొర్రె వెంట పరిగెత్తి టొర్కిల్ కొండ అంచు నుంచి జారాడట. “పడగానే పోయాడు. బాధ తెలీలేదు వదినా,” అని ఫిన్లే చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకునే డొలీనా బతికింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పేది. “బాధ తెలీలేదంట. దేవుడు అంత దయ చూపించాడు.”

ఆ తర్వాత హెక్టరీనా బతుకంతా డొలీనా ఇంటి చుట్టూనే తిరిగింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా ఓడరేవుల్లో చేపలు కోసే పనికి వెళ్ళిన చేతులు కావడంతో వేళ్ళ నిండా ఉప్పు తిన్న మచ్చలు. ఆ చేతుల్తోనే డొలీనా పొలంలో దుంపలు పాతింది, ఆవుని చూసింది, పిల్లాడిని మోసింది. వేసవి వస్తే బురదనేల కోసి, పీట్ గడ్డలు ఎండబెట్టి, వీపు మీద మోసుకొచ్చి, ముందు డొలీనా గోడ పక్కన పేర్చేది. తన పొయ్యికి మిగిలితే మిగిలినట్టు.

ఇంత చేసే మనిషి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకి మాత్రం వచ్చేది కాదు. మా దగ్గర బల్లకి వెళ్ళడం చిన్న విషయం కాదు. శనివారం పెద్దల ముందు నిలబడి, ఆత్మ సంగతి చెప్పి, బల్లకి రావచ్చని గుర్తుగా వాళ్ళిచ్చే సీసపు బిళ్ళ తీసుకోవాలి. ఆదివారం అందరూ చూస్తుండగా లేచి ముందుకి నడవాలి. తగనివాడు తింటే శిక్ష తింటాడని వాక్యం. అందుకని సగం ఊరు చచ్చేదాకా వెనక బల్లల మీదే కూర్చుంటుంది. దీంట్లో ఓ తమాషా ఉంది. నేను తగను అని వెనక కూర్చున్నవాళ్ళనే మేం ఎక్కువ తగినవాళ్ళుగా లెక్కేస్తాం. హెక్టరీనా ఎంత వెనక్కి జరిగితే ఊరు ఆవిణ్ణి అంత పైకెత్తింది. పెద్దలు ఇంటికొచ్చి బతిమాలేవారు.

“మీరే రాకపోతే మేమెలా రావాలి తల్లీ?”

“నా సంగతి మీకు తెలీదయ్యా.”

“చూశారా వినయం!” అనుకుంటూ టీ తాగి వెళ్ళిపోయేవారు. కాలవ కథ కూడా క్రమంగా భక్తి కథ అయిపోయింది. పడ్డా లేచే నీతిమంతురాలంటూ ఓ బోధకుడు దాన్ని ప్రసంగంలో వాడుకున్నాడు కూడా.

రెండో యుద్ధం అయిపోయాక, ఓ వేసవి బల్ల పండగ వచ్చింది. పక్క ఊళ్ళ నుంచి అతిథులొచ్చి గడ్డివాముల్లో కూడా పడుకున్నారు. శుక్రవారం ప్రశ్నల రోజు. ఆ రోజు పాదిరిగారు పక్కకి తప్పుకుంటారు. ఓ పెద్దాయన లేచి ఒక వాక్యం చెప్పి, నిజమైన విశ్వాసిలో దీని గుర్తులేమిటని అడుగుతాడు. మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, తమ బతుకుల్లోంచి జవాబు చెబుతారు. ఆడవాళ్ళం వింటాం. ఆ ఏడు వచ్చిన వాక్యం, ప్రేమ పాపాల్ని కప్పుతుందన్నది.

పరాయి ఊరి ముసలాయన ఒకాయన లేచి అన్నాడు. “ఈ సంఘంలో ఒక సోదరి ఉందని విన్నాను. పొరుగువాడి తప్పు ఏనాడూ నోట పలకలేదట. తన గొప్పతనం తనకే తెలియనంతగా వెనక బల్ల మీద కూర్చుంటుందట.”

తలలన్నీ మర్యాదగా, అంటే దొంగతనంగా, హెక్టరీనా వైపు తిరిగాయి. ఆవిడ ముఖం పాలిపోయింది. మేం దాన్ని కూడా వినయం ఖాతాలో వేశాం.

మర్నాడు శనివారం. నేను డొలీనా వంటింట్లో ఉన్నాను. అప్పటికి నాకూ పెళ్ళయింది. ఆదివారం అతిథులకి వండి పెట్టాలి కదా, మాంసం ఉడుకుతోంది, ఇద్దరం ఓట్స్ పిండి రొట్టెలు చేస్తున్నాం. హెక్టరీనా లోపలికి వచ్చింది. గుప్పిలి బిగించి ఉంది.

“ఏంటి వదినా అది?” అని డొలీనా ఆ వేళ్ళు విప్పి నాకు చూపించింది. సీసపు బిళ్ళ. “ఎఫీ, చూడవే! బిళ్ళ తెచ్చుకుంది! రేపు సముద్రం ఎండిపోతుంది!”

“కూర్చో డొలీనా.”

“పిండి చేతుల్తో ఎక్కడ కూర్చోను? చెప్పు, వింటున్నా.”

హెక్టరీనా గడప దగ్గరే నిలబడి చెప్పింది. “పెద్దలకి చెప్పొచ్చాను. నీకు చెప్పందే రేపు వెళ్ళలేను. మన వల్ల ఎవరికైనా తప్పు జరిగిందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వాళ్ళ దగ్గరికి పొమ్మన్నాడు కదా ప్రభువు. ఆ ఆదివారం నాకు కాలు మడతపడలేదు. కావాలని పడ్డాను.”

డొలీనా నవ్వబోయింది.

“గొర్రెల దీవి కొస మీద పొగ చూశాను,” అంది హెక్టరీనా. “అక్కడ మంట వేస్తే ఆపదలో ఉన్నామని గుర్తు, అది నాకు తెలీక కాదు. కానీ పొగ నల్లగా ఉంది. గొర్రెలకి గుర్తులెయ్యడానికి తారు కాస్తున్నాడనుకున్నా. టొర్కిల్ సంగతి నీకు తెలుసు కదా. అంతకు ముందే ఆదివారం గడ్డం గీసుకున్నాడని పెద్దలు పిలిచి మందలించారు. మళ్ళీ ఇదీ చూస్తే బిడ్డకి బాప్తిస్మం ఇవ్వరు. నీ పరువు పోతుంది. కప్పుదామనుకున్నా డొలీనా. అందరూ ఇటు తిరగాలని పడ్డా. పొగ పల్చబడేదాకా సర్దుకుంటూనే ఉన్నా.”

రొట్టె కర్ర ఆగలేదు. డొలీనా ఒత్తుతూనే ఉంది. రొట్టె పల్చనై, అంచులు చిరిగినా ఒత్తుతోంది.

“పెద్దల్లో ఫిన్లే ఉన్నాడా?” అంది చివరికి.

ఫిన్లే అప్పటికి సంఘపెద్ద అయ్యాడు.

“ఉన్నాడు. అందరికంటే ముందు అతనే లేచాడు. ‘చాలక్కా, దేవుడికి చెప్పావు, మాకు చెప్పావు, ఇంకెవరికీ చెప్పక్కర్లేదు’ అని బిళ్ళ తనే నా చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. మంచివాడు.”

“మంచివాడే,” అంది డొలీనా. కర్ర పక్కన పెట్టింది. “వదినా, నేనోటి అడుగుతా. శనివారం పోయిన మనిషి కోసం ఫిన్లే ఆదివారం మంట వేస్తాడా?”

హెక్టరీనా గడప వదిలి ఒక అడుగు లోపలికి వేసింది.

“బూటుకి తాడు తెగితే ఆదివారం ముడెయ్యడు వాడు. అన్న పోయుంటే దుప్పటి కప్పి, సోమవారం దాకా పక్కన కూర్చుని కీర్తనలు పాడుకునేవాడు. చచ్చినవాడికి తొందరేముంది? మంట వేశాడంటే, అది బాగా కనబడాలని తారు కూడా పోశాడంటే...” డొలీనా పిండి చేతులు గౌనుకి తుడుచుకుంది. “మనం చర్చికి నడుస్తున్నప్పుడు ఆయన బతికే ఉన్నాడు.”

నేను పొయ్యి వైపు తిరిగాను. ఎటో ఒకవైపు తిరగాలి కదా.

“నా కోసం వాడు కప్పాడు,” అంది డొలీనా మెల్లగా. “నా కోసం నువ్వు కప్పావు. నిన్ను లాగుతూ నేను సముద్రానికి వీపు పెట్టి నించున్నా. నవ్వుతూ.”

“డొలీనా...”

“వెళ్ళు వదినా. తిట్టడానికి నాకివాళ తీరిక లేదు. ఇంటి నిండా అతిథులు. ఎఫీ, రొట్టె మాడుతోంది.”

హెక్టరీనా బిళ్ళని పిండి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. డొలీనా దాని చుట్టూ ఉన్న పిండి తీసుకుంది కానీ, దాన్ని ముట్టుకోలేదు.

ఆదివారం పాదిరిగారు ఎవరు రాకూడదో చెప్పడం ముగించి, ఎవరు రావాలో పిలిచారు. కీర్తన ఎత్తుకున్నారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర బిళ్ళలు తీసుకోవడానికి ఫిన్లే చెయ్యి చాపి నిలబడ్డాడు. ఒక్కొక్కరే లేచారు. వెనక బల్ల మీద హెక్టరీనా లేవలేదు. అది మాకు అలవాటే. ముందు వరసలో, భర్త పోయిన మరు ఏడాది నుంచి ఒక్క బల్లా తప్పని డొలీనా కూడా లేవలేదు. లేవకుండా ఫిన్లే ముఖంలోకి చూస్తూ కూర్చుంది. కీర్తన మళ్ళీ మొదటికొచ్చింది. ఫిన్లే చెయ్యి అలాగే చాచి ఉంది. ఎవరో మోచేత్తో తడితే కిందికి దించాడు.

తిరిగొచ్చే దారిలో ఊరు ఊరంతా గుసగుసే.

“హెక్టరీనా ప్రభావం చూశారా! ఇప్పుడు డొలీనాకి కూడా తన అయోగ్యత తెలిసొచ్చింది.”

“మన ఊరికి ఇద్దరయ్యారు పరిశుద్ధులు.”

కాలవ దగ్గరికి రాగానే, ఎప్పటిలాగే ఎవరో హెక్టరీనాతో “ఇక్కడే కదూ పెద్దమ్మా ఎర్ర పావడా...” అని మొదలెట్టారు. డొలీనా ఆగి, సముద్రం వైపు తిరిగి నిలబడింది. ప్రార్థన చేసుకుంటోందనుకుని మగవాళ్ళు టోపీలు తీశారు, మేమందరం తలలు వంచాం.

ఆ వారంలోనే ఫిన్లే వదిన గడప తొక్కాడు. డొలీనా టీ పెట్టి, పంచదార వేసి, అతని ముందుంచి, ఒకే మాట అడిగిందట. ఎంతసేపు అని. అతను ఏం చెప్పాడో డొలీనా నాకు చెప్పలేదు. టీ తాగకుండా వెళ్ళాడని మాత్రం చెప్పింది. ఇంకో పండగ రాకముందే అతను పెద్దరికం వదులుకున్నాడు. ఆరోగ్యం బాగాలేదన్నారు.

మరుసటి వేసవి హెక్టరీనా ఎప్పటిలాగే పీట్ గడ్డలు మోసుకొచ్చి డొలీనా గోడ పక్కన పేర్చింది. డొలీనా వద్దనలేదు, పలకరించలేదు. తన పొయ్యిలోకి కావలసింది తనే కోసుకుని తెచ్చుకుంది. ఆ తర్వాతి వేసవీ అంతే. హెక్టరీనా పోయేదాకా ప్రతి వేసవీ అంతే.

డొలీనా కూడా పోయింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ఇల్లు ఖాళీగా ఉంది. గోడ పక్కన ఆ గడ్డల కుప్ప చూరుదాకా ఉంది. వానకి తడిసి, నాని, మళ్ళీ నేలలా అయిపోయి, దాని మీద గడ్డి మొలిచింది. ఒక్క గడ్డయినా కాల్చలేదు.