పెద్దమ్మ నమ్మిన మాట

సోమవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ పోయింది. నిద్రలోనే ప్రాణం విడిచిందని ఆమె చెల్లెలు గోడ అవతలి నుంచి ఏడుస్తూ చెప్పింది. ఇలాంటి వార్త ఎవరి గురించి విన్నా పెద్దమ్మ ముందు అడిగే మాట ఒకటే: "నువ్వు చూసినవా?"

మల్కాజ్‌గిరిలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఆ గోడే. ఆమె దేన్నీ ఊరికే నమ్మేది కాదు. పాల ప్యాకెట్ కత్తిరించి వాసన చూడనిదే గిన్నెలో పోసేది కాదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడి గుర్తింపు కార్డు తీసుకుని, ఫొటోనూ మొహాన్నీ మార్చి మార్చి చూసేది. తియ్యగా మాట్లాడేవాళ్లంటే మరీ అనుమానం. "గింత మంచిగ మాట్లాడుతుండంటే ఏందో దాస్తుండు" అనేది.

ఆమెకు ఒక్కడే కొడుకు. సైన్యంలో ఉండేవాడు. సరిహద్దులో చనిపోయాడు. పెట్టె ఇంటికి వచ్చిన రోజు దండ పట్టుకొచ్చిన ఒక నాయకుణ్ణి ఆమె ఆపింది. "నా కొడుకు పేరేంది సారూ?" అంది. పేరు కోసం ఆయన గోడకు కట్టిన ఫ్లెక్సీ వైపు చూశాడు.

తర్వాతి ఆదివారం వాళ్ల ప్రార్థన మందిరంలో జ్ఞాపకార్థ కూడిక. నేనూ వెళ్లాను. ఈ బిడ్డ కూడా యేసు ప్రభువులాగే మన కోసం ప్రాణం పెట్టాడని పాస్టరుగారు అనగానే పెద్దమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, యేసయ్య చేతిల తుపాకి లేకుండె. నా కొడుకు చేతిల ఉండె. వాణ్ని దేవుణ్ని చెయ్యకుండ్రి. వాడు ఎట్లున్నడో అట్లనే దేవునికి అప్పజెప్పుండ్రి."

పాస్టరుగారు తల వంచుకుని, ఆ మాటలతోనే ప్రార్థన చేశారు.

కొన్నాళ్లకు కొడుకుతో పనిచేసిన జవాను ఒకతను కుంటుకుంటూ వచ్చాడు. పెద్దమ్మ నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టింది.

"నొప్పి సుత తెల్వలేదమ్మా. ఒక్క క్షణంల పోయిండు" అన్నాడతను.

"నా మొహం చూసి చెప్పు బిడ్డా."

అతను చాయ్ కప్పు కింద పెట్టాడు.

"నా కాలుకు తూటా తగిలి పడిపోయిన. నన్ను గుంజుకపోనీకి మళ్లొచ్చిండమ్మా. అప్పుడు తగిలింది వానికి. జల్ది పోలేదు. భయపడ్డడు. నిన్నే పిలిచిండు."

పెద్దమ్మ ఏడవలేదు. అతని చెయ్యి పట్టుకుంది.

"గిప్పుడు నమ్ముతున్న. భయం ఉన్నోడే నీ కోసం మళ్లొచ్చిండు. వాడు నా కొడుకే" అంది. లేచి వెళ్లి అతనికి అన్నం వడ్డించింది.

అప్పట్నుంచి ఏటా కొడుకు పోయిన రోజుకి అతను వచ్చేవాడు. ముగ్గురం కూర్చునేవాళ్లం. పెద్దమ్మ కొడుకు కోసం ప్రార్థన చేసి, చివర్న ఇంకో మాట కలిపేది: "ప్రభువా, బార్డరుకు అటు దిక్కు సుత ఒక తల్లి ఉంటది. ఆమెకు నిజం చెప్పేటోన్ని పంపు."

అమరవీరుల గురించి ఎవరైనా పెద్ద గొంతుతో మాట్లాడితే ఇప్పుడు నాకూ అనుమానమే. ఆ గుణం ఆమె దగ్గర్నుంచి వచ్చిందే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

మంగళవారం తిరుమలగిరి వైపు సమాధుల తోటకు తీసుకెళ్లాం. సమాధి దగ్గర నాటే కొయ్య సిలువను ఎవరికీ ఇవ్వకుండా ఆ జవానే మోశాడు. నుదుట బొట్టుతో, కుంటుకుంటూ, అందరికన్నా ముందు నడిచాడు. సిలువకు వేసిన తెల్లరంగు ఇంకా ఆరలేదు. అది అతని భుజమంతా అంటుకుంది. ఎవరో తుడవబోతే వద్దన్నాడు.