జిల్లేడాకు విప్పిన చెయ్యి

2023 ఎండాకాలం. అప్పట్లో నేను ఖతర్‌లో అల్ ఖోర్ దగ్గర ఒక లేబర్ క్యాంప్ క్లినిక్‌లో నర్సుని. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో షిఫ్టు దిగినవాళ్ళ బస్సులు సాయంత్రం వచ్చేసరికి సముద్రపు తేమా, ఎడారి దుమ్మూ కలిసి ఆకాశం పలచటి మజ్జిగలా ఉండేది. ఆ వెలుతురులోంచి మనుషులు నడిచివస్తుంటే కలలోంచి వస్తున్నట్టే ఉండేది. మాది కాకినాడ. నర్సుకి కలలు కనే తీరికెక్కడిది అంటారు గానీ, ఆ వేళకి నా కళ్ళూ అలా తేలిపోయేవి.

రాజన్నది జగిత్యాల వైపు పల్లెటూరు. ఇనప గొట్టాలు బిగించి, పైన పనిచేసేవాళ్ళు నిలబడే మంచెలు కట్టే స్కాఫోల్డింగ్ పని అతనిది. ఓ సాయంత్రం కుంటుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ప్యాంటు పైకి మడవగానే పచ్చి ఆకు వాసన గుప్పుమంది. మోకాలి చుట్టూ వాడిపోయిన జిల్లేడాకులు, వాటి మీద బిగుతుగా సాగే మోకాలి పట్టీ. తీసి చూస్తే చర్మమంతా పొక్కి, చీము పట్టింది.

“ఈ ఆకు ఎక్కడిదండీ బాబూ?”

“బస్సు ఆగేకాడ ఇసుకల మస్తుగున్నయ్ సిస్టరమ్మా. చిన్నప్పుడు మోకాలు వాస్తే మా అక్క గిదే కట్టేది, ఆముదం రాసి, ఎచ్చజేసి. తెల్లారేసరికి నొప్పి మాఫీ.”

వాపు, ఎరుపు, వేడి, నొప్పి కలిసి వస్తే ఇన్‌ఫ్లమేషన్ అంటాం. అతనికి చర్మం కింద ఇన్‌ఫెక్షన్ కూడా చేరింది, దాన్ని సెల్యులైటిస్ అంటారు. అది కీలులోకి దిగితే ఇక గొట్టాలెక్కడం కల్ల అన్నారు మా డాక్టర్. పుండు కడిగి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, డ్రెస్సింగ్ వేసి పంపాను.

మర్నాడు విప్పితే నా గాజుగుడ్డ కింద కొత్త జిల్లేడాకు! నాకు ఒళ్ళు మండిపోయింది. “కోతి పుండు బ్రహ్మరాక్షసి చేసుకుంటున్నారు కదండీ!” అని అరిచాను.

“నీ మందు మంచిదే సిస్టరమ్మా. గని ఆకు లేకుంటే నిద్ర పడ్తలేదు. కట్టుకుంటె అక్క పక్కన కూసున్నట్టే అనిపిస్తది. వాకిట్ల మంచం, ఆమె బీడీలు చుట్టుకుంట ఏదో ముచ్చట చెప్తది...” చెబుతూ చెబుతూనే అతని కళ్ళు మూతలు పడుతున్నాయి. ఏసీ గాలిలో ఆ పసరు వాసన తిరుగుతుంటే నా కోపం ఎటో పోయింది.

నా మాట ఎటూ వినడు. “మీ అక్కకి ఫోన్ చేయండి” అన్నాను. స్పీకర్ పెట్టాడు.

“అక్కా, జిల్లేడాకు కట్టినంక ఎంతసేపు ఉంచాలె?”

“దుబాయ్‌ల నీకు జిల్లేడు యాడ దొరికిందిరా? దాని పాలు తుడిచినవా?” గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకి దుబాయే.

“లే. కట్టుకొని డ్యూటీకి పోయిన.”

“ఓరి నీ పాడుగాను! తోలు ఊడదారా? నువ్వు కన్ను మూయంగనే నేను ఇప్పేస్తుంటి గదా, తడిబట్ట పెట్టి తుడుస్తుంటి.”

రాజన్న ఫోన్ మీదికి వంగాడు. “నువ్వు ఇప్పేదానివా? నేను పండుకునేది, లేస్తె ఆకు ఉండకపోయేది. అదే రాలిపోతదనుకున్న.”

“ఆకు దానంతటదే ఎట్ల రాల్తదిరా, పిచ్చోడా?”

ఫోన్ పెట్టేశాక అరచేతుల్లో మొహం దాచుకున్నాడు. “ఆమె గూడ చిన్నపిల్లనే అప్పుడు” అన్నాడు. “నేను పండేదాక మేల్కొని కూసునేదన్నట్టు.” తర్వాత అతను ఆకు జోలికి పోలేదు, ఒక్క డ్రెస్సింగ్ కూడా మానలేదు. కీలు దక్కింది.

ఇప్పుడు నొప్పని ఎవరొచ్చినా మాత్ర ఇచ్చే ముందు రెండు అడుగుతాను. ఇంటి దగ్గర ఏం కట్టేవారు? ఎవరు విప్పేవారు? మొదటిదానికి అందరూ టక్కున చెబుతారు. రెండోదానికి చాలామంది ఆగిపోతారు.

చివరి డ్రెస్సింగ్ రోజు రాజన్న డ్యూటీ దిగి నేరుగా వచ్చి, బల్ల మీద వాలగానే నిద్రపోయాడు. లేపబుద్ధి కాలేదు. గాజుగుడ్డ తడిపి, మెల్లగా విప్పి, తుడిచి, పక్కన కూర్చున్నాను. కిటికీలో ఆకాశం మజ్జిగలాగే ఉంది. కాసేపటికి కళ్ళు తెరిచి, మోకాలు తడుముకున్నాడు.

“ఇప్పినవా అక్కా?” అన్నాడు.