చివరి పేజీలో రాసిన అబద్ధం

నాలుగు వాక్యాలు ఎంత బరువుంటాయో నాకు తెలుసు. పెన్సిల్‌తో రాసిన నాలుగు వాక్యాలను నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత దగ్గరివాళ్ళు లేరన్నది ఒక కారణం. ఉన్నా చెప్పేవాణ్ణి కాదన్నది అసలు కారణం. మా ఇంట్లో తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి.

నేనెవరినో మాత్రం కొంత చెప్పాలి. టేకులపల్లి చుట్టుపక్కల ఒకప్పుడు మా తాతను చూసి ఎడ్లబండ్లు దారి ఇచ్చేవి. నా కాలం వచ్చేసరికి అదే దారి పక్కన నేను బస్సు కోసం నిలబడేవాణ్ణి. భూములు తాత హయాంలో కొన్ని, నాన్న హయాంలో మిగతావి పోయాయి. ఇంటి టేకు స్తంభాలు కూడా ఒక్కొక్కటే ఊడదీసి అమ్ముకున్నాం. చివరికి ధాన్యం కొట్టు ఒక్కటి నిలిచింది. అందులో ఉండేవాణ్ణి. ఇస్త్రీ లేని చొక్కాతో మాత్రం ఏనాడూ బయటికి రాలేదు.

నాకు మిగిలిన ఆస్తి ఒకటే అనుకునేవాణ్ణి. అబద్ధం చెప్పకపోవడం. అదైనా మనుషుల విషయంలో కాదు. పుస్తకాల విషయంలో.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. టేకులపల్లి బస్టాపు దగ్గర వెంకన్న అనే అతను పుస్తకాలు కిరాయికి ఇచ్చే షాపు నడిపేవాడు. ఖమ్మంలో, వైరాలో మూతపడ్డ షాపుల నుంచి పాత నవలలు మూటలు కట్టి తెచ్చేవాడు. అక్కడ ఒక అలవాటు ఉండేది. పుస్తకం చదివినవాళ్ళు చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో ఒక మాట రాసేవారు. సూపర్ అని, బాగా ఏడిపించిందని, హీరో చచ్చిపోతాడు జాగ్రత్త అని. తరువాత తీసుకునేవాళ్ళు ముందు ఆ పేజీ తిప్పి చూసేవారు. అక్కడ నా రాత అందరికీ గుర్తే. సంతకం పెట్టేవాణ్ణి కాదు.

ఏం రాసేవాణ్ణి? ఒక ప్రేమ నవల మీద రాశాను: "నాయిక మూడుసార్లు స్పృహ తప్పింది. మూడుసార్లూ నాయకుడి చేతుల్లోనే పడింది. నాలుగోసారి పడకముందే నేను పుస్తకం మూసేశాను." ఇంకొక దాని మీద: "ఇద్దరిలో ఎవరు ఒక్క ప్రశ్న అడిగినా పదో పేజీలో కథ అయిపోయేది. అడగలేదు. మూడు వందల పేజీలు మనకు శిక్ష." మంత్రాల నవలల మీద మరీ కఠినంగా ఉండేవాణ్ణి. "మాంత్రికుడికి సర్వశక్తులూ ఉన్నాయి, తలుపు గడియ తీసుకోవడం తప్ప." ఒక నవల మొత్తం కీకారణ్యంలో నడిచింది. దాని మీద రాసిన మాటను వెంకన్న చాలాకాలం వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాడు: "ఇది అడవిని చూడనివాళ్ళు రాసిన అడవి. ఇందులో సింహాలున్నాయి, దోమలు లేవు."

ఇవన్నీ నిజమైన అభిప్రాయాలే. వెక్కిరింత కోసం రాసినవి కావు. ప్రతి నవలనూ నేను ఆశతోనే తెరిచేవాణ్ణి. ధాన్యం కొట్టులో ఒంటరిగా బతికే మనిషికి ఒక ప్రేమ కథ అవసరమే, ఈ లోకం కాని ఇంకో లోకం అంతకన్నా అవసరం, అది దొరుకుతుందని నమ్మి రెండు రోజులు కూర్చుంటే అట్ట మీది బొమ్మ తప్ప లోపల ఏమీ లేదని తేలినప్పుడు వచ్చే కోపం మోసపోయినవాడి కోపం.

"దొరా, మీరు గిట్ల కొట్టేసుకుంట పోతే నా షాపు మూసుకోవాల్నా ఏంది? ఒక్కదాన్నన్న మెచ్చుకోరాదు!" అని వెంకన్న మొత్తుకునేవాడు. లోపల మాత్రం మురిసేవాడు. నా మాట చదవడానికే పుస్తకాలు తీసుకునేవాళ్ళు కొందరుండేవారు.

వాళ్ళలో ఒకరు నా రాత కింద చిన్న అక్షరాలతో "నిజమే" అని రాసేవారు. ఒక పుస్తకంలో కాదు. వరుసగా రెండేళ్ళు. అదీ నేను గట్టిగా తిట్టిన చోటే. ఆ ఒక్క మాట కోసం నేను తిరిగొచ్చిన పుస్తకాలను మళ్ళీ తెరిచి చూసుకునేవాణ్ణి. ఎవరో చదువుకున్న పెద్దమనిషి అనుకున్నాను. కొత్తగూడెంలో పనిచేసే ఆఫీసరు ఎవరైనా కావచ్చనుకున్నాను.

కాదు, ఆమె నాగమణి. అది నాకు తరువాత తెలిసింది. మా పాత భూముల పక్కనున్న గూడెంలో అంగన్‌వాడీ టీచరు. నెలకోసారి మీటింగుకు టేకులపల్లి వచ్చి నాలుగైదు నవలలు పట్టుకెళ్ళేది. వాళ్ళమ్మ లచ్చమ్మ మా కొట్టంలో పేడ ఎత్తిన మనిషి. లచ్చమ్మ నన్ను చిన్నదొర అనేది. నాగమణి సార్ అంది. మొదటిసారి విన్నప్పుడే ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంత చిన్న విషయం చెప్పడం సిగ్గుగానే ఉంది. కానీ ఇది వదిలేస్తే మిగతాది మీకు అర్థం కాదు.

ఒక వేసవిలో ఆమె దారంతో కుట్టిన కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఒక వారపత్రిక నవలల పోటీ ప్రకటించింది. కాగితానికి ఒకవైపే రాయాలన్నది వాళ్ళ నియమం. అలాగే రాసింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే. "మా వాళ్ళకు సూపిస్తే మంచిగుందే అంటరు. మీరైతే అబద్దం రాయరు సార్. బాగుందంటే సాపు చేసి పంపుత. లేదంటే పంపను" అంది. కట్ట చివర ఒక ఖాళీ పేజీ వదిలింది. అది నా కోసం.

చదివాను. ఒక్క రోజులో చదివాను. ఆ రోజు అన్నం వండుకోలేదు.

మా వైపు గూడేల్లో ఇప్పచెట్లకు కుటుంబాలుంటాయి. పువ్వు రాలే రోజుల్లో ఎవరి చెట్టు కింద వాళ్ళే ఊడ్చుకుని ఏరుకుంటారు. ఆమె కథలో ఏ కుటుంబానికీ చెందని ఇప్పచెట్టు ఒకటి ఉంటుంది. అందులో ఒక మనిషి ఉంటాడు. పువ్వు రాలే రోజుల్లోనే మాట్లాడతాడు. దాని కింద ఊడ్చే పిల్ల అతన్ని ప్రేమిస్తుంది. ఏడాదికి ఇరవై రోజుల ప్రేమ. మిగతా రోజులన్నీ ఎదురుచూపు. వాళ్ళు ఒకరినొకరు పొగుడుకోరు. ఎవరూ స్పృహ తప్పరు. ఆ పిల్ల తునికాకు కట్టలు కడుతూ అతనితో చెప్పాల్సిన మాటలు పోగు చేసుకుంటుంది, పువ్వు మొదలయ్యే నాటికి సగం మరిచిపోతుంది. నేను ఏళ్ళ తరబడి వెతికిన లోకం అది. రెండు మైళ్ళ దూరంలో ఉంది.

ఆ కథలో ఒక ముసలి దొర కూడా ఉన్నాడు. ఇంటికి పైకప్పు లేదని తెలియక ఇంకా చెట్లకు హుకుం జారీ చేస్తుంటాడు. ఎండలో గూడెం దారిన పడిపోతాడు. ఆ పిల్ల నీళ్ళు తెస్తుంది. గ్లాసు ముట్టుకోనంటాడు. దోసిట్లో పొయ్యమంటాడు. చేతులు వణికి నీళ్ళు కారిపోతాయి. అప్పుడా పిల్ల అతని రెండు చేతులూ పట్టుకుని గ్లాసును పెదవులకు ఆనిస్తుంది. అతను తాగుతాడు.

అది జరిగింది. ఆ దొర మా నాన్న. నీళ్ళు తాగించింది లచ్చమ్మ. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాన్న తాగడం అయ్యాక లచ్చమ్మతో, ఈ సంగతి బయటికి పొక్కితే బాగుండదన్నాను. ఎండలో పరుగెత్తి నీళ్ళు తెచ్చిన మనిషితో నేనన్న మొదటి మాట అది. ఆమె కూతురికి మాత్రం చెప్పుకుంది. నేనన్న ఆ మాట నవలలో లేదు. తల్లి దాచిందో, కూతురు వదిలేసిందో నాకు తెలియదు.

ఆమె మమ్మల్ని తిట్టి ఉంటే నేను భరించేవాణ్ణి. తిట్టడానికి హక్కుంది. ఆమె తిట్టలేదు. జాలిపడింది. పేడ ఎత్తిన మనిషి కూతురు మా నాన్న మీద జాలిపడి, ఆ జాలిని అంత అందంగా రాసి, సార్ ఎట్లుందో చెప్పుండ్రి అని నా చేతికే ఇచ్చింది.

అసూయా? నేనెన్నడూ ఒక కథ రాయబోలేదు, కాబట్టి అసూయ కాదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. పెన్సిల్ చెక్కుకున్నాను. ఖాళీ పేజీలో రాశాను: "ఓపికగా రాశారు. కథ నిలబడలేదు. ప్రేమ నమ్మించలేదు. ఇది అడవిని చూడనివాళ్ళు రాసిన అడవి."

కొత్త వాక్యం వెతుక్కునే శ్రమ కూడా పడలేదు. చెత్త నవల మీద రాసిందే తెచ్చి ఇక్కడ పెట్టాను.

మరుసటి నెల ఆమె షాపుకు వచ్చింది. కట్ట ఇచ్చాను. నిలబడే ఆ పేజీ చదివింది.

"అడవి కూడ సక్కగ రాలేదా సార్?"

"రాలేదు."

"నేను పుట్టిందే ఆడ గద. ఇప్పపువ్వు ఏరుకుంటనే పెరిగిన."

"పుట్టడం వేరు. రాయడం వేరు."

ఆమె ఆ పేజీని మళ్ళీ చూసింది. కోప్పడుతుందేమోనని చూశాను. కోప్పడితే ఏమయ్యేదో. "అవ్ సార్. గట్లనే అయ్యుంటది. రోజూ సూసేది గద, నాకే సరిగ కానరాలేదేమో" అంది. "ముందుగాల్నే మీకు సూపిచ్చిన, మంచిగైంది. లేకుంటే పట్నపోళ్ళు నవ్వేటోళ్ళు."

వెంకన్న బల్ల వెనక నుంచి అరిచాడు. "ఏంది టీచరమ్మా, దొర నిన్ను గూడ కొట్టేసిండా?"

"కొట్టేసిండన్నా. నీ షాపుల నవలల పక్కన నాకు గూడ జాగ దొరికింది."

ఇద్దరూ నవ్వారు. ఆమె వెంకన్న పెన్సిల్ అడిగి తీసుకుంది. కట్టను బల్ల మీద ఆనించి, నా నాలుగు వాక్యాల కింద, ఆ చిన్న అక్షరాలతో ఒక మాట రాసింది.

నిజమే.

రెండేళ్ళుగా నేను వెతుక్కున్న ఆ పాఠకుడు ఎవరో అప్పుడు తెలిసింది. ఆ క్షణంలో ఒక్క మాట చాలు. ఆగు, నేను అబద్ధం రాశాను అంటే చాలు. కట్ట ఇంకా బల్ల మీదే ఉంది. నేను చొక్కా చేతుల మడత సరిచేసుకున్నాను. ఆమె బస్సు వచ్చింది.

తన కళ్ళతో చూసిన అడవిని కాదనుకుని ఆమె నా మాటను నమ్మింది. ఎందుకు నమ్మింది? దొరననా? కాదు. ఆమె నన్ను దొర అననే లేదు. నేను పుస్తకాల విషయంలో అబద్ధం చెప్పనని నమ్మింది. నా కులానికీ ఇంటికీ ఇవ్వని మర్యాద ఆ పెన్సిల్ రాతకు ఇచ్చింది. నా అంతట నేను సంపాదించుకున్నది అదొక్కటే. దానితోనే ఆమెను కొట్టాను.

పోటీకి పంపలేదు. మళ్ళీ రాయలేదు. షాపు ఆ తరువాత ఎక్కువకాలం నడవలేదు. టీవీ సీరియళ్ళు పెరిగాక నవలలు అడిగేవాళ్ళు తగ్గారు. నేను కూడా చివరి పేజీల్లో రాయడం మానేశాను. ఎందుకు మానేశారని వెంకన్న అడిగితే కళ్ళు సరిగ్గా కనిపించడం లేదన్నాను. అదీ అబద్ధమే.

కొన్నేళ్ళకు ఎన్నికలు వచ్చాయి. మా పోలింగు బూత్ ఆ గూడెం అంగన్‌వాడీ కేంద్రంలో పడింది. వరుసలో కిటికీ పక్కన నిలబడ్డాను. లోపలి గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు అంటించి ఉన్నాయి. కోడి, బస్సు, సూర్యుడు. కిటికీ గాలికి ఒక కాగితం మూల లేచింది. వెనక వైపు నీలి సిరా. పైన పేజీ నంబరు. "పువ్వు రాలే చప్పుడు వినాలంటే" వరకు చదవగలిగాను. మళ్ళీ గోడకు అతుక్కుంది. మిగతా గోడలూ చూశాను. అన్నీ అవే కాగితాలు. ఒకవైపే రాయాలన్న నియమం వల్ల రెండోవైపు పిల్లలకు పనికొచ్చింది.

ఎండకు నిలబడ్డవాళ్ళకు నాగమణి నీళ్ళు అందిస్తోంది. నా దగ్గరికి వచ్చింది. "సార్, ఈ మధ్య మంచి నవలలేమన్న సదివిన్రా?" అంటూ గ్లాసు చాపింది.

"దాహం లేదు" అన్నాను. తాగే అర్హత లేదనిపించి అన్నాను. కానీ వరుసలో ఉన్నవాళ్ళంతా నా వైపు ఒక చూపు చూశారు. ఆమె కూడా చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. ముసలి దొర కొడుకు గ్లాసు ముట్టలేదు. ఆమె గ్లాసు వెనకవాళ్ళకు ఇచ్చింది. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు.

ఆమె ఇప్పటికీ అక్కడే ఉంది. నడిస్తే గంట దారి. వెళ్ళి చెప్పవచ్చు. చెబితే ఆమె క్షమిస్తుందేమోనని నా భయం. ఆ జాలి మళ్ళీ నా మీద పడుతుంది. చూశారా, ఇంత చెప్పాక కూడా నా నడుము వంగలేదు.

అందుకని ఆ ఖాళీ పేజీలో రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. పుస్తకాల విషయంలో నేను రాసే చివరి మాట ఇది.

నవల మధ్యలో సంత అధ్యాయం సాగింది. పట్నం నుంచి వచ్చే మేనమామ అవసరం లేదు. ముగింపు కొంచెం తొందరగా వచ్చింది. మిగతాదంతా బాగుంది. ప్రేమ నమ్మించింది. చెట్టులో మనిషి ఉన్నాడని నమ్మాను, ఇప్పటికీ పువ్వు రాలే రోజుల్లో ఆ దారిన పోతే నడక నెమ్మదిస్తాను. దొర నీళ్ళు తాగే చోట చదవడం ఆపి బయటికి వెళ్ళి నిలబడ్డాను. వెంకన్న షాపులో ఉన్న నవలలన్నీ చదివాను. వాటిలో ఇలాంటిది లేదు. అడవిని చూసినవాళ్ళు రాసిన అడవి ఇది.