రిహార్సల్ అనుకుని లేచిన మా తోటికోడలు

మా తోటికోడలు దర్జీ. మురుగుకాలవకి అవతలి ఒడ్డున, వంతెన దిగగానే, కుట్టుమిషనూ అదీ పట్టేంత కొట్టు. ఇవతలి వీధి వాళ్ళ బట్టలన్నీ ఆ వంతెన మీదే వెళ్ళి ఆ వంతెన మీదే వస్తాయి. చెక్కలు ఊగుతున్నాయని వార్డు ఆఫీసు వాళ్ళు దాన్ని తీసేస్తామన్నారు. మళ్ళీ కట్టే మాట మాత్రం ఎత్తలేదు. ఒక ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి ఊరు చుట్టి ఎవరొస్తారు? కొట్టు మూతే.

"వార్డు మీటింగుకెళ్ళి చెప్పవే" అన్నాను.

"అమ్మో, అంతమందిలోనా! నువ్వు చెప్పక్కా."

నేను చెబితే పోట్లాట అవుతుంది గాని పని అవదు. ఆ సంగతి వీధంతా ఎరుగుదురు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే మా తోటికోడలే. మా మరిదిని మాటలతోనే కత్తిరించి మాటలతోనే కుట్టేస్తుంది. కొత్త మొహం కనబడిందా, గొంతులో వెలక్కాయ.

సరిగ్గా అప్పుడే వార్డు హాల్లో సాయంత్రం క్లాసులు పెట్టారు. ఆఫీసులో ఎవరి పని ఏమిటి, దేనికి ఎవర్ని పట్టుకోవాలి, పదిమందిని ఎలా కూడగట్టాలి, సభలో ఎలా అడగాలి, ఇవీ పాఠాలు. దాన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. నేర్పే ఆవిడకి పాఠాలమ్మ అని మేమే పేరు పెట్టాం. ఆవిడ పద్ధతంతా నాటకమే. ఒకరు అధ్యక్షురాలు, ఒకరు ఇంజనీరు, తక్కిన వాళ్ళు లేచి నిలదియ్యాలి. అధ్యక్షురాలి వేషం నాకే ఇచ్చారు, ఇంకెవరికిస్తారు! రిటైరైన పోస్ట్‌మాన్ ఇంజనీరు.

నాటకమనేసరికి మా తోటికోడలికి ఎక్కడ లేని నోరూ వచ్చేసింది. "తీసెయ్యడానికి అంచనా వేశారు సరే, బాగు చెయ్యడానికి వేశారా?" అని గుచ్చి గుచ్చి అడిగితే పోస్ట్‌మాన్‌కి చెమటలు. "తల్లీ, నేను ఉత్త వేషగాణ్ణి, నన్నొదిలెయ్" అని దణ్ణం పెట్టాడు.

"అసలు మీటింగుకి ముందు ఇదే హాల్లో ఇంకో రిహార్సల్" అంది పాఠాలమ్మ. "ఈసారి వేషాలు పక్క వార్డు క్లాసు వాళ్ళవి. కొత్త మొహాలు అలవాటవ్వాలిగా!"

ఆ రోజు మేం వెళ్ళేసరికి పాఠాలమ్మ గుమ్మంలోనే నన్ను పక్కకి లాగి చెవిలో ఊదింది. మీటింగు ముందుకు జరిపారట. లోపల కూర్చున్నది అసలు వాళ్ళేనట!

"దాని చెవిన వేశావో, నీ పాఠాలన్నీ కాలవలో కలిసిపోతాయి" అన్నాను. పాఠాలమ్మ తలూపి లోపలికి దారి ఇచ్చింది.

మా తోటికోడలు తన వంతు రాగానే లేచింది. నవ్వుతూ లేచింది! వంతెన లేకపోతే పిల్లలు బడికెలా వెళ్ళాలి, ముసలాళ్ళు మందులకెలా వెళ్ళాలి అని అడిగింది. నా కొట్టు కూడా మూతపడుతుంది, దాచడమెందుకు, అంది. తర్వాత ఇంజనీరు మీద పడింది.

"బాగు చెయ్యడానికి అంచనా వేశారా?"

"అంటే... ఇంకా వెయ్యలేదండీ..."

"ఆహా, ఏం తడబడుతున్నావు బాబూ! మా పోస్ట్‌మాన్‌కి నీ దగ్గర ట్రైనింగు ఇప్పించాలి."

నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. అది ఆగితేగా! అధ్యక్షురాలి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం చక్కగా వింటున్నావమ్మా. మా క్లాసులో ఆ వేషం మా అక్కది, ఒక్కర్నీ నోరెత్తనివ్వదు. అసలావిడ కూడా నీలాగే వింటే ఎంత బాగుణ్ణు!"

అధ్యక్షురాలు పెదవి కొరుక్కుంటూ, వంతెన తియ్యకుండా చెక్కలు మార్పిద్దామా అని సభ్యుల్ని అడిగింది. చేతులన్నీ లేచాయి. ఇంజనీరుది కూడా లేచింది, పాపం, అతనికి ఓటే లేదు.

"అందరూ భలే చేశారు!" అని మా తోటికోడలు చప్పట్లు కొట్టింది. "ఇంతకీ మీరు క్లాసులో ఎప్పుడు చేరారమ్మా?"

"క్లాసులో చేరలేదమ్మా" అంది అధ్యక్షురాలు. "ఎన్నికల్లో గెలిచాను."

హాలు గొల్లుమంది. మా తోటికోడలు మొహం తెల్లబోయింది. మెల్లగా నా వైపు తిరిగింది.

"అక్కా!"

"కూర్చోవే, పనైపోయిందిగా."

ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. కూర్చోలేదు. గొంతు సవరించుకుంది.

"ఎలాగూ లేచాను కాబట్టి ఇంకో మాట, అధ్యక్షురాలు గారూ. ఆ చెక్కలతో పాటు వంతెనకి రెండు పక్కలా కమ్మీలు కూడా వేయించండి. ఇంటికెళ్ళేటప్పుడు మా అక్కని కాలవలోకి తోసేసేలా ఉన్నాను."