దేవుడికి పెట్టని మామిడికాయ

గీదం బస్టాండులో బస్సు కదలకముందే మామిడికాయ కోసి, పక్కన కూర్చున్నామెకు ఒక ముక్క ఇవ్వబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దక్కా. మా ఊళ్లె కొత్త కాయ దేవునికి పెట్టినంకనే తింటం."

"కొత్తకాయ పండుగ అయిపోయిందిగా చెల్లీ?"

"ఊరోళ్లు పెట్టిన్రు. నేను పెట్టలే. నా బిడ్డ జరంతోటి పోయింది. ఎంత మొక్కినా ఇనలే. ఈ ఏడు ఆయనకు నా చేతి కాయ లేదు."

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, భక్తి పుస్తకాల పిచ్చి నాది. ఊరుకోలేకపోయాను.

"దేవుడేం చేసినా మన మంచికేనని పుస్తకంలో ఉంది."

"అది రాసినాయన బిడ్డ పోయిందా?" అంది, కోపం లేకుండానే.

నాకు ఉక్రోషం వచ్చింది.

"ఆయనకు పెట్టకపోతే మానె. నువ్వెందుకు తినవు?"

"ఏందక్కా, గట్లంటవ్? ఆయనను పస్తుంచి నేనెట్ల తింట?"

తన ఊరు రాగానే దిగిపోయింది. నా చేతిలో ముక్క నల్లబడింది. నేనూ తినలేదు.

ఇప్పటికీ పుస్తకాలు పైకే చదువుతాను, లేకపోతే నాకు బుర్రకెక్కదు. 'మన మంచికే' అన్న ఆ ఒక్క వాక్యం మాత్రం లోపలే చదువుకుంటాను.